తుమ్మితే కూర్చున్నందుకు

జర్మనీ
ఆదివారం సాయంత్రం, బయట వాన

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు సునీత చేతులు జోడించి చెప్పే వందనాలు. దేవుడి కృపవల్ల నాకిక్కడ ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, బావగారూ, నా చిట్టితల్లి జెస్సీ అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నీ బి.పి. మాత్రలు మానకుండా వేసుకుంటున్నావా? బావగారి షుగరు ఎంతకొచ్చింది? కాఫీలో పంచదార మానెయ్యమని నేను చెప్పానని చెప్పు. నువ్వు చెబితే వినరుగానీ నర్సమ్మ చెప్పిందంటే ఒక వారమైనా వింటారు. మీ మరిదిగారు రొయ్యల చెరువు గట్టు మీద చెవులకి మఫ్లరైనా చుట్టుకోకుండా తిరుగుతున్నారని విన్నాను. ఆయన్ని నువ్వే నాలుగు తిట్టు, నా తిట్లు ఆయనకి అలవాటైపోయాయి.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటే అని నవ్వుకుంటావు. ఫోను మోగితే చాలు, జెస్సీ నీ చేతిలోంచి లాక్కుంటుంది. దాని ఎదురుగా చెప్పలేని సంగతి ఒకటుంది. ఈ రెండు నెలలూ నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండా గడిపాను. కంగారు పడకు, నాకేమీ కాలేదు. మొదటినుంచీ చెబుతాను.

ఇక్కడ ఉద్యోగంలో మొదటి ఆరు నెలలూ మనల్ని పరీక్షిస్తారు. ఆ తర్వాత ఆఫీసులో మేడం సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయం. ఖాయమైతేనే ఆయన్నీ జెస్సీనీ రప్పించుకోవడానికి కాగితాలు పెట్టుకోగలను. లేకపోతే పెట్టె సర్దుకుని మళ్ళీ నరసాపురం రైలెక్కి నీ గుమ్మంలో దిగడమే. ఇది గుర్తుపెట్టుకుని తక్కినది చదువు.

నా పని నీకు తెలుసు కదా. పాలకొల్లు ఆస్పత్రిలోలాగా మంచాల మధ్య తిరగడం కాదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సూది వేసి, స్నానం చేయించి, మందులిచ్చి రావాలి. ఆఫీసువాళ్ళు బ్యాటరీ సైకిలిచ్చారు. నీ చెల్లెలు వానకోటు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని ఊరంతా తొక్కుకుంటూ తిరుగుతోంది, చూస్తే గుర్తుపట్టవు. ఏ ఇంట్లో ఎంతసేపుండాలో ఫోనులో ముందే ఉంటుంది. ఊరు చిన్నది, శుభ్రంగా ఉంటుంది, మాటా పలుకూ వినపడదు. చలి తగ్గిందిగానీ ఎండ మాత్రం అప్పు తెచ్చినట్టు కాసేపు కాసి పోతుంది. బియ్యం దొరుకుతాయి, పప్పు దొరుకుతుంది, పెరుగు మనదంత పుల్లగా ఉండదు. గోంగూర కలలోకొస్తోంది.

వేళ దగ్గరే వచ్చింది తంటా అంతా. మన గోదావరి దాటించే పంటు సంగతి చూడు. రేవు వదిలి నాలుగు బారలు పోయాక కూడా గట్టు మీంచి ఎవరైనా "ఆగండోయ్" అని చెయ్యూపితే వెనక్కి తెచ్చి ఎక్కించుకుంటారు. లోపలున్నవాళ్ళు ఒక్కరూ విసుక్కోరు, పైగా చెయ్యందించి లాగుతారు. ఇక్కడ బస్సు తలుపు నా ముక్కు మీదే మూసుకుంది. డ్రైవరు నన్ను చూశాడు, నేనూ అతన్ని చూశాను. దణ్ణం పెట్టినట్టు తలూపి వెళ్ళిపోయాడు.

గుడి సంగతి వింటే ఇంకా నవ్వుతావు. వచ్చిన మొదటి ఆదివారం ఆరాధనకి వెళ్దామని తయారవుతున్నాను. గంట మోగింది. మనకి అలవాటేగా, మొదటి గంటకి నీళ్ళు పోసుకోవడం, రెండో గంటకి జడ, మూడో గంటకి గుమ్మం దిగడం, అయినా పాస్టరుగారి కంటే మనమే ముందుండటం. సరే మొదటి గంటే కదా అని తాపీగా చీర ఇస్త్రీ చేసుకున్నాను. రెండో గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఎంతకీ మోగదే! చివరికి అనుమానమొచ్చి పరిగెత్తాను. నేను తలుపు తోసేసరికి వాళ్ళు ఆఖరి దీవెన అందుకుంటున్నారు. పట్టుచీర కట్టుకుని అందరికీ ఎదురుగా నిలబడ్డాను. బయటికొస్తూ అందరూ నాకు చెయ్యి కలిపి వెళ్ళారు, నేనేదో వీడ్కోలు చెప్పడానికి వచ్చినట్టు!

ఇక అసలు సంగతికొస్తాను.

రోజూ ఉదయం నేను మొదట వెళ్ళేది ఒక మామ్మగారింటికి. ఇక్కడ ఇంటిపేరుతో పిలవాలి, అది రాస్తే నీకు నోరు తిరగదు. పేరు హెల్గా, మనం హెల్గా మామ్మగారు అనుకుందాం. స్నానం చేయించి, తల దువ్వి, మందులిచ్చి బయల్దేరతాను. ఒకరోజు గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాను. ఒక కాలికి తొడిగాను, రెండోది చేతిలో ఉంది. మామ్మగారు గట్టిగా తుమ్మారు.

నేనేం చేశానంటావు? తొడిగిన బూటు విప్పేసి, లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగాను. ఆలోచించి చేసింది కాదక్కా, కాళ్ళు వాటంతటవే వచ్చేశాయి. మనం నమ్మే మనుషులమేం కాదు. నాన్నగారు బతికున్నంతకాలం "విశ్వాసులకి తుమ్ములేంటే, సైతాను మాటలు" అని మనల్ని కోప్పడలేదూ? అంటూనే తను బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే చెప్పులు విప్పి, అరుగు మీద కూర్చుని, "ఎండగా ఉంది, కాసేపాగి వెళ్తాలే" అనేవారు. మబ్బు పట్టిన రోజున కూడా ఎండగానే ఉండేది ఆయనకి.

మామ్మగారు వింతగా చూసి, ఏమైందమ్మా అన్నారు. ఇక్కడ ఎవరైనా తుమ్మితే ఆరోగ్యంగా ఉండమని దీవిస్తారు, అంతే. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో, మా ఊళ్ళో తుమ్మితే వెంటనే గడప దాటం, కాసేపు కూర్చుని వెళ్తాం అని చెప్పాను. ఆవిడ చప్పట్లు కొట్టి మరీ నవ్వారు. కూర్చున్న కాసేపట్లో తన పెళ్ళినాటి ఫోటో చూపించారు.

మర్నాడు బూట్లు తొడుక్కుంటున్నాను. "హాఛ్!"

ఆ తుమ్ము తుమ్ము కాదక్కా. జెస్సీ బడి ఎగ్గొట్టడానికి దగ్గినట్టుంది. తిరిగి చూస్తే మామ్మగారు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పైనుంచి నన్నే చూస్తున్నారు. నాకు నవ్వాగలేదు. బూటు విప్పి కూర్చున్నాను. ఆ పై రోజూ అంతే. నాలుగో రోజుకి తుమ్ముకి ముందే బల్ల మీద బిస్కెట్ల పళ్ళెం వచ్చేసింది. ఆవిడకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ దూరాన ఉంటారు. రోజు మొత్తంలో ఆ ఇంటికెళ్ళే మనిషిని నేనే. కూర్చోమని నోరు తెరిచి అడగడం ఇక్కడివాళ్ళకి నామోషీ. తుమ్మడం నామోషీ కాదు కదా! దొంగ తుమ్మని తెలిసినా లేచిపోవడానికి నాకు మనసొప్పలేదు. నువ్వైనా అంతే చేసి ఉండేదానివి.

మరి నా రెండో ఇల్లు? అక్కడ వెర్నర్ తాతగారుంటారు. వెనకటికి రొట్టెల బట్టీ నడిపిన మనిషి. నేను వెళ్ళి ఇన్సులిన్ సూది వేస్తేగానీ ఆయన పొద్దుటి రొట్టె ముట్టకూడదు. నేను వెళ్ళేసరికి రోజూ తలుపు తీసి, చౌకట్టు పట్టుకుని నిలబడి ఉండేవారు. మొహం నిండా చిటపటలు. గుడ్ మార్నింగ్ చెప్పినా పలికేవారు కాదు. నన్ను సిగ్గుపెట్టడానికే వీధి తలుపు దగ్గర కాపు కాస్తున్నారనుకున్నాను. "ఏంటండీ తాతగారూ, కొంపలేమైనా మునిగాయా, పది నిమిషాలేగా" అని తెలుగులో గొణుక్కుంటూ సూది వేసేదాన్ని.

ఆయన ఆఫీసుకి ఫోను చేశారు.

మేడం పేరు సబీన. నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఇక్కడ ఎవరూ అరవరక్కా, అదే భయం. పాలకొల్లులో మా హెడ్ నర్సు అయితే వార్డంతా దద్దరిల్లేలా కేకలేసి, మధ్యాహ్నానికి తన క్యారేజీలో పులిహోర పెట్టేది. ఈవిడ మెల్లగా, చల్లగా అడిగింది, రోజూ ఎందుకు ఆలస్యమవుతోందని. మామ్మగారు తుమ్ముతున్నారండీ అని ఎలా చెప్పను? చెబితే ఆవిడనీ అడుగుతారు. "పది నిమిషాలే కదా మేడం" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఎవరి పది నిమిషాలు?" అంది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే తను సంతకం పెట్టలేనని, ముందు ఆయన దగ్గరికెళ్ళి క్షమాపణ చెప్పి రమ్మంది.

సైకిలు తొక్కుతూ దారంతా ఏడ్చాను. కోపంతోనే సుమా. ఈ ముసలాయన వల్ల నా మొగుడూ పిల్లా అక్కడే ఉండిపోవాలా అని ఎన్ని తిట్టుకున్నానో దేవుడికే తెలుసు.

వెళ్ళి క్షమాపణ చెప్పాను. చెప్పి ఊరుకోకుండా, "నేను వచ్చేదాకా మీరు కూర్చునుండొచ్చు కదండీ, నిలబడి ఎందుకు చూడ్డం?" అని అడిగేశాను. అప్పుడు చెప్పారు అసలు సంగతి. ఆయన మోకాళ్ళు వంగవు. మంచం మీంచి లేచి, గోడ పట్టుకుని తలుపు దాకా రావడానికే చాలాసేపు పడుతుంది. ఒకసారి లేచారంటే ఎవరైనా పట్టుకుని కూర్చోబెట్టాలి, తనంతట తను కూర్చోబోతే పడిపోతారు. అందుకని నేను వచ్చే వేళ చూసుకుని, దానికి తగ్గట్టు ముందు లేస్తారు. తాళంచెవి ఆఫీసుకిచ్చెయ్యొచ్చు కదా అంటే, "నా ఇంటికొచ్చే మనిషికి నేనే తలుపు తీస్తాను" అన్నారు.

అంటే నేను అక్కడ బిస్కెట్లు తింటున్నంతసేపూ ఆయన ఇక్కడ ఖాళీ కడుపుతో చౌకట్టు పట్టుకుని నిలబడి ఉన్నారన్నమాట. ఆయన చెయ్యి పట్టుకుని మళ్ళీ ఏడ్చాను, ఈసారి కోపంతో కాదు. తలుపు దగ్గర ఎత్తు కుర్చీ ఒకటి వేద్దామండీ అన్నాను. "మీరు వేళకొస్తే కుర్చీతో పనేంటి?" అన్నారు. అదీ నిజమే కదా!

ఆ రోజంతా ఇదే ఆలోచన. మన దగ్గర ఆలస్యంగా వెళ్తే ఏమవుతుంది? ఎవరింటికెళ్ళినా అప్పటికే అక్కడ నలుగురుంటారు. పక్కింటావిడ లేసు అల్లుకుంటూ కూర్చునుంటుంది, ఎవరో పాలు పట్టుకొస్తారు, ఎవరో పిలుపుకొస్తారు. మనం వెళ్ళేదాకా వాళ్ళకి తోచక ఉండదు. బావగారు "దారిలో ఉన్నానండి, వచ్చేస్తన్నా" అన్నారంటే ఇంకా తలకి నూనె రాసుకుంటున్నారని అవతలివాళ్ళకీ తెలుసు, వాళ్ళూ తాపీగానే ఉంటారు. ఇక్కడ ఆ ఇంట్లో నా కోసం చూడ్డం తప్ప ఇంకేమీ జరగదు. గోడకి గడియారం ఉంటుంది, ఎదురుగా మనిషి ఉంటారు. వీళ్ళు గడియారానికి దణ్ణం పెడతారని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు చెయ్యలేకపోతున్నాను.

మర్నాడు మామ్మగారి తల దువ్వుతూ విషయం చెప్పాను. పేరు చెప్పలేదు, నిలబడి ఎదురుచూసే పెద్దాయన ఒకరున్నారు, ఇకమీదట నేను కూర్చోలేను అన్నాను. ఆవిడ అద్దంలో నన్ను చూసి తలూపారు. బిస్కెట్ల పళ్ళెం తనే తీసి బీరువాలో పెట్టేశారు.

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాను. వెనకనుంచి తుమ్ము.

తిరిగి చూశాను. మామ్మగారు రెండు చేతులతో నోరు మూసుకుని, పెద్ద కళ్ళేసుకుని, "నిజంగానే వచ్చిందమ్మా!" అన్నారు. నిజం తుమ్మేనక్కా, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఆవిడ కూడా భయపడిపోయారు, మన శకునం ఆవిడకీ అంటించేశాను మరి! నేను కళ్ళు మూసుకుని, ప్రభువా నీదే భారం అనుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తుమ్మిన ఇంట్లోంచి గడప దాటేశాను. వీధి మలుపు దాకా కీర్తన పాడుకుంటూనే తొక్కాను. ఏమీ కాలేదు. వెర్నర్ తాతగారు తలుపు తీస్తుంటే నేను మెట్టెక్కాను.

మామ్మగారిని మాత్రం వదిలెయ్యలేదు. నా సెలవు రోజున వస్తానని చెప్పాను. ఎన్నింటికి అని అడిగారు. సాయంత్రం ఎప్పుడో వస్తాలెండి అనబోయి, నాలుక కరుచుకుని మూడింటికి అన్నాను. నేను వెళ్ళేసరికి కప్పుల్లో కాఫీ పోసి ఉంది. పొగలు కక్కుతోంది. నేను వచ్చాక పొయ్యి వెలిగిద్దామని ఆగలేదావిడ. రానేమోనన్న అనుమానమే లేకుండా పోసి ఉంచారు. నా కోసం అలా ముందే పోసిన కాఫీ నేనెప్పుడూ తాగలేదక్కా.

తాతగారు అంత తేలిగ్గా కరగలేదు. ఒకరోజు నా గొప్ప చూపిద్దామని వేళకంటే ముందే వెళ్ళి బెల్లు కొట్టాను. లోపలినుంచి కేకలు. చొక్కా గుండీలు పెట్టుకోకుండానే, సగం దారిలో ఆగిపోయి, "ఇంకా వేళ కాలేదు, నేను తయారవలేదు!" అని కసిరారు. ముందు రావడం కూడా వీళ్ళ దగ్గర తప్పేనట! ఆ తర్వాత ముందు వెళ్తే బయటే ఆగుతాను. వానొస్తున్నా సైకిలు పట్టుకుని గేటు దగ్గర నిలబడి, వేళయ్యాక బెల్లు కొడతాను. కిటికీ పరదా కదలడం ఒకటి రెండుసార్లు చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

మొన్న శుక్రవారం మేడం మళ్ళీ పిలిచింది. వెర్నర్ గారికి ఫోను చేశాను, నీ సంగతి అడిగాను అంది. "ఆ అమ్మాయి వానలో నా వేళ కోసం బయట నిలబడుతోంది, ఆమెని మార్చొద్దు" అన్నారట. ఇంకో మాట కూడా అన్నారట, ఆమెకి మంచి గొడుగు ఇవ్వమని. అని చెప్పి మేడం కాగితం మీద సంతకం పెట్టింది. అయిపోయిందక్కా. ఉద్యోగం ఖాయమైంది. బాత్రూములోకెళ్ళి మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసుకున్నాను. మీ మరిదిగారికి ఇంకా చెప్పలేదు, ఈ ఉత్తరం చదివి నువ్వే చెప్పు. ఆయన మొహం చూసి ఎలా ఉందో నాకు చెప్పాలి.

చిన్న చిన్న పనులు కొన్ని చెబుతాను, విసుక్కోకు. వీలైతే కందిపొడి, ఎండు గోంగూర పంపించు. ఎండు రొయ్యలు వద్దు, ఇక్కడ కస్టమ్స్ వాళ్ళు పట్టుకుని పారేస్తారు, ఆ పాపం నేను చూడలేను. మన వీధిలో లేసు అల్లేవాళ్ళ దగ్గర బల్ల మీద వేసే గుండ్రటి లేసు గుడ్డలు రెండు కొని పెట్టు, ఒకటి మామ్మగారికి, ఒకటి తాతగారికి. తాతగారిది తెల్లగా ఉండాలి, పువ్వులు ఎక్కువ వద్దు. పాస్టరుగారికీ పాస్టరమ్మగారికీ నా వందనాలు. గుడి గంట సంగతి మాత్రం వాళ్ళకి చెప్పకు.

ఇంకొక్క మాట, ఇది జెస్సీ గురించి. ఫోనులో అది "అమ్మా, నన్నెప్పుడు తీసుకెళ్తావ్?" అని అడిగినప్పుడల్లా "ఇదిగో, వచ్చేస్తున్నారుగా, ఇంకెంతలే" అంటున్నాను. నువ్వూ అదే అంటున్నావు, ఆయనా అదే అంటున్నారు. మన నోటికి అది అలవాటు. పోయిన వారం నువ్వు నవ్వుతూ చెప్పావు, బడి నుంచి వచ్చాక గౌను మార్చుకోనంటోంది, అమ్మ ఫోను చేసి రమ్మంటుందేమోనని సాయంత్రం దాకా బూట్లతోనే కూర్చుంటోంది అని. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక నవ్వలేకపోయాను.

కాగితాలకి ఎన్నాళ్ళు పడుతుందో ఇక్కడ ఎవరూ చెప్పలేమంటున్నారు. దానికి అదే చెప్పు. అమ్మకి ఇంకా రోజు తెలియదు, తెలిసిన నాడు చెబుతుంది, చెప్పాక మాత్రం మాట తప్పదు అని చెప్పు. ఏడిస్తే ఏడవనీ అక్కా, దగ్గరికి తీసుకో. ఇకమీదట ఎవరూ దానితో "ఇదిగో" అనకండి. బూట్లు విప్పి, గౌను మార్చుకుని, వీధిలోకెళ్ళి ఆడుకోమను.

మీ అందరి దీవెనలూ ప్రార్థనలూ కోరుతూ,

నీ చెల్లెలు
సునీత